ఒక తోక, రెండు వందల అరవై నాలుగు తలలు

జబ్బేమిటో తేలేనాటికి పోయినవి మొత్తం నలభై ఒకటి. అందులో పొట్టేళ్ళు మూడు, పెద్ద గొర్రెలు పన్నెండు, ఏడాది నిండీ నిండని పిల్లలు ఇరవై ఆరు. పెద్ద గొర్రెల్లో ఐదు కడుపుతో ఉండి పోయాయి. ఆ కడుపులోని పిల్లలను నేను లెక్కలో వేయలేదు. వాటి యజమానురాలికి మాత్రం అవీ పోయినవే. అవి కాక పోయినవి ఇంకో రెండున్నాయి. నా మాట మీద మా డాక్టరమ్మకున్న నమ్మకం, అది కొన్నాళ్ళే. పదాల మీద నాకున్న పొగరు, అది పూర్తిగా.

పశువుల ఆసుపత్రుల్లో ముప్పై మూడేళ్ళు పనిచేసి నిరుడు రిటైరయ్యాను. అటెండరుగా చేరి అసిస్టెంటుగా దిగాను. ఊళ్ళలో మాత్రం మొదటినుంచీ చివరిదాకా కాంపౌండర్నే. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు కొందరు మా ఇంటికొచ్చి, "సార్, మీ నోటుపుస్తకం ఒకసారి ఇస్తారా, జిరాక్స్ తీసుకుంటాం" అన్నారు. ఇచ్చాను. కానీ ఆ పుస్తకంలో ఒక పేజీకి నేను ఎంత చెల్లించానో జిరాక్సులో రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ పుస్తకం ఎలా పుట్టిందో చెప్పాలి. నేను చదివింది పదో తరగతి. లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఉద్యోగం రాకముందు మదనపల్లె టమాటా మండీలో క్రేట్లు లెక్కపెడుతూ నేర్చుకున్నాను. పుంగనూరులో మొదటి పోస్టింగు. ఆ ఆసుపత్రి బీరువాలో అట్టలు ఊడిపోయిన వైద్య నిఘంటువు ఒకటి ఉండేది. మొదటి ఇరవై పేజీలు ఎలుకలు తినేశాయి. ప్రతి పదం పక్కనా అది ఏ భాషలో పుట్టింది, పుట్టినప్పుడు దాని అర్థమేమిటి అని చిన్న అక్షరాల్లో ఉండేది. మధ్యాహ్నం రెండు దాటాక పశువులు పెద్దగా వచ్చేవి కావు. రోజుకు నాలుగు పదాల చొప్పున మొదలుపెట్టాను.

అప్పటిదాకా ఆ పేర్లు నాకు మంత్రాల్లాంటివి. తెలియవు కాబట్టే గొప్పవనుకునేవాణ్ణి. విప్పి చూస్తే లోపల మామూలు మనుషుల మామూలు మాటలున్నాయి. ఆంత్రాక్స్ అంటే గ్రీకులో బొగ్గు. మనిషి చర్మం మీద ఆ పుండు నల్లగా బొగ్గులా మాడినట్టుంటుంది కాబట్టి. వ్యాక్సిన్‌లో ఉన్నది లాటిన్ వాళ్ళ ఆవు. టాక్సిన్ అంటే మొదట బాణానికి పూసే విషం. గొర్రె కాలేయంలో ఉండే జలగకు ఫాసియోలా అని పేరు. ఆ మాటకు చిన్న గుడ్డపీలిక అని అర్థం. టీనియా అంటే రిబ్బను. మనవాళ్ళు దాన్నే బద్దె పురుగు అన్నారు. వాళ్ళకు రిబ్బను కనపడింది, మనకు బద్దె కనపడింది. చూసిన పురుగు ఒకటే.

ఒకరోజు బి అక్షరంలో బాండికోటా అనే ఎలుక జాతి పేరు తగిలింది. పక్కన పుట్టుక చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్కడ తెలుగు అని ఉంది. మన పందికొక్కు. లాటిన్ తొడుగు వేసుకుని ప్రపంచంలోని జంతుశాస్త్రపు పుస్తకాలన్నిటిలో కూర్చుని ఉంది. నాతో పనిచేసే అటెండరుకు పరుగున పోయి చెప్పాను. ఈ అటెండరు ఆ తర్వాత మదనపల్లెలో కూడా నాతోనే ఉన్నాడు. వాడు నిఘంటువు చిరిగిన మొదలు చూపించి, "పందికొక్కు పేరు రాసుకున్నారని తెలిసే వచ్చి తిన్నట్టుండాయప్పా" అన్నాడు. ఆ రోజునుంచి నాకు డిక్షనరీ కాంపౌండర్ అని పేరు పెట్టాడు.

ఆ సాయంత్రమే వంద పేజీల నోటుపుస్తకం కొన్నాను. రెండు నిలువు గీతలు గీసి మూడు వరసలు చేశాను. మొదటి దాంట్లో పుస్తకం పేరు, రెండో దాంట్లో దాని పుట్టుక అర్థం, మూడో దాంట్లో మన రైతులు పిలిచే పేరు. రిటైరయ్యేనాటికి ఎనిమిది వందల పన్నెండు పదాలయ్యాయి. ఈ పని ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. నాకు మాత్రం ఇప్పటికీ గర్వమే. అయితే అర్థం తెలిసిన పదం నోట్లో ఊరుకోదు. ఎక్కడో ఒకచోట వాడాలనిపిస్తుంది. నేను వాడిన చోటు కురబలకోట పక్కన ఒక పల్లె.

అప్పటికి మదనపల్లెకు బదిలీ అయ్యి ఉన్నాను. ఆ పల్లెలో గొర్రెల మంద ఉన్న ఒకామె ఉండేది. భర్త లేడు. మరిది, ఆమె కలిసి నూట యాభై పైచిలుకు జీవాలను మేపుకునేవాళ్ళు. జీవాలంటే వాళ్ళ మాటలో గొర్రెలే. వానలకు ఇక్కడ, ఎండలకు రామసముద్రం దాటి కర్ణాటక వైపు బీళ్ళలో. మందకు రెండు కుక్కలు కాపలా.

ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఏ మాటనూ తొందరగా నమ్మదు. మందను లెక్కపెట్టే పద్ధతి ఆమెకొకటి ఉంది. పొద్దున రొప్పం, అంటే గొర్రెల దొడ్డి, తడిక కొంచెమే తీసి, ఒక్కొక్కటిగా బయటికి వదులుతూ, ఇరవై దాటినప్పుడల్లా ఒడిలో ఒక గులకరాయి వేసుకుంటుంది. సాయంత్రం లోపలికి తోలేటప్పుడు ఇరవైకో రాయి తీసి పారేస్తుంది. రాళ్ళు మిగిలితే జీవాలు తప్పిపోయినట్టు.

ఆ వానాకాలం ఆమె కబురు పెడితే వెళ్ళాను. ఒక పిల్ల తల పక్కకు వాల్చి, ఎడమవైపే గుండ్రంగా తిరుగుతోంది. మేత ముట్టడం లేదు.

"ఇట్లే తిరిగి తిరిగి మూడు పోయినాయప్పా. ఇది నాలుగోది" అంది.

నాకు వెంటనే నా పుస్తకంలోని ఒక పేజీ కళ్ళముందుకొచ్చింది. ఈస్ట్రస్. గొర్రె ముక్కులో పిల్లపురుగులను వదిలే ఈగ పేరు. ఆ పురుగులు ముక్కు లోపలికి పాకితే గొర్రె తల విదిలిస్తుంది, ఒక్కోసారి తిరుగుతుంది. మేం చూస్తుండగానే ఆ పిల్ల పడి చనిపోయింది. నేను కత్తి తీసి ముక్కు పొడుగునా కోశాను. తెల్లటి పురుగులు మూడు కనపడ్డాయి. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు?

"చూడమ్మా, ఇదీ ఈస్ట్రస్. గ్రీకు మాట. జోరీగ అని అర్థం. జోరీగ కుడితే పశువుకు పుట్టే వెర్రిని కూడా వాళ్ళు ఆ మాటతోనే పిలిచారు. రెండు వేల ఏళ్ళ కిందటి పేరు!"

ఆమె ఆ మూడు పురుగులనూ చూసి, నన్ను చూసి, "పేరు బాగానే ఉండాది. మందుండాదా?" అంది.

ఉంది. ఇచ్చాను. ఆ తర్వాత చేసిన పని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఆ తలను కళ్ళదాకా కోసి ఆపేశాను. వెతికింది దొరికింది కదా, ఇంకా ఎందుకు కోయాలి? మందలో పిల్ల చస్తే తల కుక్కలకు వేయడం అక్కడి అలవాటు. ఎండా వానా మందతో తిరిగే కుక్కకు అది జీతం లాంటిది. రెండు కుక్కలూ ఎదురుగా కూర్చుని నా చేతినే చూస్తున్నాయి. నేనే, నా చేత్తోనే, ఆ తలను వాటి ముందుకు విసిరాను.

ఆసుపత్రికి రాగానే డాక్టరమ్మ అడిగింది. "తల తెరిచి చూశారా?"

"తెరిచానమ్మా. ముక్కు పురుగులు" అన్నాను.

ముక్కు తెరిచిన మాట నిజం. ఆమె అడిగింది పుర్రె. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే సరిచేయలేదు.

గొర్రె ముక్కులో పురుగులుండటం మామూలు సంగతి. ఏ జబ్బూ లేని గొర్రెను కోసినా మూడో నాలుగో కనపడతాయి. నేను ఉన్నవాటిని చూశాను గానీ, ఒక పిల్లను చంపేటన్ని ఉన్నాయా అని చూడలేదు. లెక్కలవాణ్ణని చెప్పుకునేవాడు చేయాల్సిన తప్పు కాదు.

తర్వాతి ఎనిమిది నెలల్లో తొమ్మిది పోయాయి. మంద అప్పుడు కర్ణాటక వైపు ఉంది కాబట్టి అక్కడొకటి ఇక్కడొకటి అన్నట్టు కబురు వచ్చేది. మందు మళ్ళీ వేయించాను. మందుకు ముక్కు పురుగులు పోయాయి, గొర్రెలు పోవడం ఆగలేదు. ఈ రెండు వాక్యాలనూ రిజిస్టరులో వేరువేరు పేజీల్లో రాశాను. పక్కపక్కన పెట్టి ఉంటే ఎవరికైనా తెలిసేది. ఆపై తొమ్మిది నెలల్లో వరసగా పోవడం మొదలైంది. నెలకు రెండు, నాలుగు, ఐదు.

రిజిస్టరులో నలభై అంకె చూసి డాక్టరమ్మ రిజిస్టరు మూసింది. "ఈసారి నువ్వు కోయొద్దు. తల ఇక్కడికి తీసుకురా" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. నేను గమనించాను.

ఆ నలభయ్యో గొర్రె తలను బల్లమీద పెట్టి, ఆమె పుర్రె పైభాగం రంపంతో తీసింది. మెదడులో ఎడమవైపు కోడిగుడ్డంత నీటి సంచి. పలచటి పొర, లోపల తేటనీళ్ళు. పొరకు బియ్యం నూకలు అంటించినట్టు తెల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నేను ఆ రోజు కోత ఆపిన చోటికీ ఆ సంచి ఉన్న చోటికీ మధ్య దూరం స్కేలుతో కొలిచాను. రెండంగుళాలు.

"సీనూరస్" అంది డాక్టరమ్మ. "ఇది పిల్లదశ. కుక్క పేగులోకి పోయి పెరిగితే టీనియా మల్టిసెప్స్. ఇక నువ్వే చెప్పు, పదాలు నీవి కదా."

ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో తెలుసుకునే ఓపిక నాకు లేదు. నోటుపుస్తకం తీశాను. రెండు పదాలూ ఉన్నాయి. పుంగనూరులో ఉన్నప్పుడు రాసుకున్నవే, నా చేతిరాతే. సీనూరస్ అంటే ఉమ్మడి తోక. మల్టిసెప్స్ అంటే చాలా తలలు. పన్నెండేళ్ళ కిందట ఆ అర్థాలు రాసుకుని, తమాషాగా ఉందనుకుని పేజీ తిప్పేశాను. ఆ పేరు పెట్టినవాడెవడో తమాషాకు పెట్టలేదు. చూసి పెట్టాడు. ఈ సంచి ఒక పురుగు కాదు. తోక ఒకటే, ఆ సంచి. దానికి అంటుకున్న ఒక్కో తెల్ల చుక్కా ఒక్కో తల. కుక్క ఆ సంచిని తింటే ఒక్కో తలా ఒక్కో బద్దె పురుగు కాగలదు.

భూతద్దం, సూది తీసుకుని కూర్చున్నాను. గుంపు గుంపుకూ చీటీ రాస్తూ లెక్కపెట్టాను. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ రెండు వందల అరవై నాలుగే వచ్చింది.

తరువాత మిగతా లెక్క దానంతటదే వచ్చేసింది. కుక్క పేగులో పురుగు పెరిగి గుడ్లు వదలడానికి ఆరేడు వారాలు. ఆ గుడ్లు కుక్క పెంటతో గడ్డిమీద పడి, ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో సంచి పెరిగి తిప్పడం మొదలుపెట్టడానికి ఆరేడు నెలలు. కూడితే ఎనిమిది నెలలు. నేను తల విసిరిన రోజుకూ, గొర్రెలు వరసగా పడటం మొదలైన నెలకూ మధ్య సరిగ్గా అంతే ఉంది.

"అమ్మా, ఆ రోజు నేను పుర్రె తెరవలేదు. తల కుక్కలకు వేసింది కూడా నేనే" అన్నాను.

డాక్టరమ్మ చాలాసేపు చేతులు కడుక్కుంది. "నాతో చెప్పి ఏం లాభం? గొర్రెలు నావి కాదు కదా" అంది.

అటెండరు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఎప్పుడూ నవ్వించేవాడు ఆ రోజు నవ్వలేదు. "పోయేదుంటే రేపు పొద్దున్నే పో కాంపౌండరూ. రేపు పగటిపూట లారీ వస్తాదంట. మంద మొత్తం కటికోళ్ళకు ఇచ్చేస్తాండారు. ఆమె ఇంక మేపలేనని సెప్పేసిందంట" అన్నాడు.

మంద లారీ ఎక్కితే ఆమెకు ఇక ఆ పల్లెలో పని లేదు. చేతికి వచ్చింది తిని, ఆపై మరొకరి తోటలో కూలికి పోవాలి. ఇరవై ఏళ్ళుగా తన మంద తాను మేపుకున్న మనిషి. పైగా ఆ జబ్బు ఆగేదే. ఆగే జబ్బుకు మంద అమ్ముకుంటోంది, నా వల్ల.

పొద్దున్నే వెళ్ళాను. సంచిలో కుక్కల పేగు పురుగులకు వేసే నట్టల మందు మాత్రలు, రంపం, భూతద్దం. రొప్పం బయట ఒక పిల్ల చచ్చి పడి ఉంది. తెల్లవారుజామునే పోయిందట. నలభై ఒకటి. కుక్కలు రెండూ దాని పక్కనే ఆశగా కూర్చుని ఉన్నాయి.

"రాప్పా కాంపౌండరూ. లారీ ఎక్కించేదానికి సాయం వచ్చినావా?" అంది ఆమె.

"లేదు వదినా, ముక్కులో మందు పోసేదానికి వచ్చింటాడు. లారీకి గూడా ముక్కుండాది, దానికీ పొయ్యమను" అన్నాడు మరిది.

పడాల్సిన మాటే. పడ్డాను. "అమ్మా, ఒక్క గంట నాకియ్యి. ఈ తల తెరుస్తాను. నువ్వు చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నాను.

"ఇంతకుముందు తెరిస్తివి గదా?"

"సగమే తెరిచాను."

ఆమె లేచి వెళ్ళింది. ఇంట్లోంచి సత్తు తట్ట తెచ్చి నా ముందు పెట్టింది. పుర్రె పైభాగం రంపంతో తీశాను.  సంచి పగలకుండా తీసి తట్టలో నీళ్ళు పోసి అందులో వదిలాను. నిన్నటిదాని కంటే కొంచెం చిన్నది. మరిది కూడా దగ్గరికొచ్చాడు.

"నీళ్ళబుగ్గ" అన్నాడు.

"బుగ్గే. దానిమీద తెల్లగా ఉన్నాయే, అవి లెక్కపెట్టు అమ్మా."

"యాల?"

"నేను చెబితే నువ్వు నమ్మవు. నీ లెక్కను నమ్ముతావు కదా."

ఆమె భూతద్దం పట్టుకుంది. చీపురు పుల్లతో ఒక్కో చుక్కనూ తాకుతూ లెక్క మొదలుపెట్టింది. ఇరవై కాగానే పక్కనున్న గులకరాయి ఒకటి తీసి ఒడిలో వేసుకుంది. రెండో రాయి. మూడోది. మరిది ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఐదు రాళ్ళయ్యాయి. ఆరో రాయి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. తలెత్తి రొప్పంలో ఉన్న గొర్రెల వైపు చూసింది. ఆ రోజుకు మందలో మిగిలినవి నూట పద్దెనిమిది.

"ఇదేందప్పా, నా మంద అయిపోయినా ఇది అయిపోలేదే?"

అప్పుడు చెప్పాను. అవి తలలని, ఒక్కో తలా కుక్క కడుపులో ఒక బద్దె పురుగు అవుతుందని, ఆ పురుగు గుడ్లు గడ్డిమీద పడతాయని, గొర్రె మేస్తుందని, మళ్ళీ తల, మళ్ళీ కుక్క. ఈ పేరు పెట్టినవాళ్ళు కూడా ఇట్లా లెక్కపెట్టే పెట్టారని. ఆమె వింటూనే మధ్యలో అడిగింది.

"అట్లయితే ఆ పొద్దు నువ్వు సగం తెరిసిన తల యాడికి పోయింది?"

ఆమె అడగకముందే నేను చెప్పాల్సింది. అడిగాక చెప్పాను. "నేనే కుక్కలకు వేశానమ్మా."

మరిది ఒక్క ఉదుటున లేచాడు. నా మీదికి వస్తాడనుకున్నాను. దడి మీద ఉన్న కర్ర తీసుకుని కుక్కల మీదికి పోయాడు. "ముందు వీటిని సంపితే గానీ..."

"ఆగరా!" అంది ఆమె. "అవేం జేసినాయి? మనమేసిందే తిన్నాయి. మా మామ కాలం నుంచి మేమేసినాం, ఆ పొద్దు ఈయప్ప ఏసినాడు. తప్పు ఏసినోళ్ళది గానీ తిన్నదానిదా?"

కర్ర కింద పడింది. ఆమె నావైపు తిరిగింది. "నీ లెక్క సెప్పు. నీ వల్ల పోయినవి ఎన్ని?"

నేను నిన్ననే కట్టి ఉంచుకున్నాను. "మొత్తం నలభై ఒకటి. నేను రాకముందు మూడు, వచ్చిన రోజు ఒకటి, నాలుగు తీసేయాలి. ముప్పై ఏడు. అందులో మొదటి ఎనిమిది నెలల్లో పోయిన తొమ్మిదీ నేను వేసిన తల వల్ల కావు. వాటికి అంతకుముందే పట్టింది. కాబట్టి నావి ఇరవై ఎనిమిది."

"ఆ పొద్దే తల మొత్తం తెరిసింటే, కుక్కలకు అప్పుడే మాత్రలేసింటే, ఆ తొమ్మిదిట్లో ఒక్కటన్నా మిగిలుండదా?"

 అప్పటికే మెదడుకెక్కిన సంచిని ఏ మాత్రా దింపదు. అయినా ఆ నెలల్లో కొత్తగా పట్టినవి అందులో లేవని ఎవరు రాసివ్వగలరు? నేను రాసివ్వలేను.

"ముప్పై ఏడు" అన్నాను.

"ఊ. ముప్పై ఏడు. దుడ్లు నాకొద్దు, నీ జీతమెంతో నాకు తెలుసు. ముప్పై ఏడు మందలకు పో. నాకు సూపిచ్చినట్లే తల తెరిసి సూపియ్యి, లెక్క పెట్టియ్యి. నువ్వు సగం తెరిసింది గూడా సెప్పాల. సెప్పకుండా వస్తే అది లెక్కలోకి రాదు."

లారీ అనుకున్న వేళకే వచ్చింది. బేరగాడు దిగి, "ఏమ్మా, ఎక్కించేదా?" అన్నాడు.

"పది పొట్టేళ్ళు ఎక్కించుకో. మిగతావి ఈ యేడు ఇయ్యను."

"వచ్చే యేటికి వీటిలో సగముంటాయా? అప్పుడు ఈ ధర రాదు సూడు."

"ఉంటే నిన్నే పిలిసి సూపిస్తాలేప్పా, కాఫీ గూడా ఇస్తా."

కుక్కలకు ఆ రోజే మాత్రలు వేశాం. రెండు రోజులు కట్టేసి, వాటి పెంట తీసి గుంతలో పూడ్చాం. మందుకు చచ్చిన పురుగులు కడుపులోనే కరిగిపోతాయి, బయటికి కనపడవు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. తన ఒడిలోని రాళ్ళను నమ్మి ఆమె ఒప్పుకుంది. మూడు నెలలకోసారి మాత్రలు. చచ్చిన గొర్రె తల ఏదైనా సరే, మోకాటిలోతు గుంత, పైన బండరాయి. కుక్కలకు తలకు బదులు రాగి సంగటి. మొదటి నెల అవి నన్ను చూస్తే మూతి తిప్పుకునేవి.

అప్పటికే లోపల సంచి పెరుగుతున్నవి రెండు, తరువాతి నెలల్లో తిరిగి పోయాయి. ఆమె ఫోను చేసి తిట్టింది, నేను విన్నాను. ఆ తర్వాత ఏడాదిన్నర రిజిస్టరులో ఆమె పేరు కింద ఒక్క గీత పడలేదు. ఒకరోజు డాక్టరమ్మ ఆ ఖాళీ పేజీ చూసి, "మీరు రేపు రామసముద్రం వైపు క్యాంపుకు వెళ్ళండి, నేను రానవసరం లేదు" అంది. మీరు తిరిగొచ్చింది. అది కూడా గమనించాను.

లారీ బేరగాడికి కాఫీ ఇచ్చారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అతను మందలో కొత్త పిల్లలను చూసి, కాఫీ తాగి, గ్లాసు పెట్టి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు.

మందలకు తిరగడం అప్పటినుంచి నా ఆదివారాల పని. రామసముద్రం, పుంగనూరు చుట్టుపక్కల మొదలుపెట్టాను. చివరి పోస్టింగు కుప్పం. అక్కడ మూడు రాష్ట్రాల గొర్రెలు ఒకే బీడులో మేస్తాయి. కాపరి నాతో తెలుగులో మాట్లాడతాడు, భార్యతో కన్నడంలో, కుక్కతో తమిళంలో. ఒక ముసలాయన తల తెరిచి చూపించాక అంతా విని అడిగాడు.

"ఈ పేరు పెట్టినోళ్ళు యా ఊరోళ్ళప్పా?"

"గ్రీకు మాట తాతా. సముద్రం అవతల."

"వాళ్ళకు గూడా గొర్లుండాయా?"

"ఉన్నాయి."

"అట్లయితే తెలిసినోళ్ళే" అని గుంత తవ్వడానికి పార తీసుకున్నాడు.

నిఘంటువు మొత్తం మీద నాకు ఇంతకంటే మంచి వివరణ దొరకలేదు. ఆ మాట నోటుపుస్తకంలో సీనూరస్ పక్కన మూడో వరసలో రాసుకున్నాను. కొత్తగా చేరిన మీకు చెప్పదలచుకున్నది కూడా దాదాపు ఇదే. ప్రతి పేరు వెనకా కళ్ళు తెరిచి చూసినవాడొకడు ఉంటాడు. అర్థం రాసుకుని పేజీ తిప్పేయకండి. వాడు చూసిన చోటిదాకా మీరూ కోసి చూడండి. ఇంకో రెండంగుళాలు.

లెక్క ఎక్కడుందో కూడా చెప్పి ముగిస్తాను. ఇప్పటిదాకా నలభై మూడు మందలకు వెళ్ళాను. అన్నీ లెక్కలోకి రావు. ఏడాది తర్వాత మళ్ళీ పోయి చూస్తే తలలు కుక్కలకే వేస్తున్నవి పదకొండు, అవి కొట్టేశాను. ఒకచోట చుట్టూ జనం ఎక్కువయ్యారని, నేను సగమే తెరిచిన సంగతి చెప్పకుండా వచ్చేశాను. ఎవరికీ తెలియదు. అదీ కొట్టేశాను. మిగిలినవి ముప్పై ఒకటి.

ఏడాది నిలిచి మంద ఒకటి తేలినప్పుడల్లా ఆమెకు ఫోను చేస్తాను. ఆ రోజే ఆమె ముప్పై ఏడు గులకరాళ్ళు వేసి పెట్టుకున్న డబ్బాలోంచి ఒకటి తీసి పారేసిన చప్పుడు అవతల వినిపిస్తుంది. ఈసారి మోకాలి నొప్పి వల్ల నాలుగు నెలలు ఎక్కడికీ పోలేదు. పోయిన వారం ఆమే చేసింది.

"బాగుండావా కాంపౌండరప్పా? డబ్బాలో ఇంకా రాళ్ళుండాయి."

"తెలుసమ్మా. ఆరు."

"ఆ. ఆరు."